కుర్చీలాట చాలు.. నిఘాకు చట్టం కావాలి

మా సభలకు పిలవకుండానే వచ్చే మనిషి ఒకాయన ఉండేవాడు. చివరి వరుసలో గోడకు ఆనుకుని నిలబడేవాడు. మఫ్టీలో ఉన్నా కాళ్లకున్న బూట్లు ఆయన్ని పట్టించేవి. ఎవరు మాట్లాడారు, ఎంతమంది వచ్చారు, ఏ కాలేజీ పిల్లలు, ఏ ఆఫీసు ఉద్యోగులు... అన్నీ చిన్న పుస్తకంలో రాసుకునేవాడు. ఒకనాడు మేమే పిలిచి చాయ్ తాపించినం. "ఏం జెయ్యాలె అన్నా, పైన అడుగుతరు. రాయకపోతే మెమో ఇస్తరు" అన్నాడు. పైన అంటే ఎవరని అడిగితే నవ్వి గ్లాసు పెట్టి వెళ్లిపోయాడు. ఆయన రాసిన కాగితం ఏ బల్ల మీదికి పోతుందో, ఎవరు చదువుతారో ఆయనకు కూడా తెలియదు.

ఆ 'పైన' గురించే ఈ ముచ్చట.

దేశంలో బాంబు పేలినా, సరిహద్దులో చొరబాటు జరిగినా, సర్కారు మారినా ఢిల్లీ ఏలికలు చేసే మొదటి పని ఒకటుంది. నిఘా సంస్థల్లో కుర్చీలు జరుపుతారు. ఒక విభాగాన్ని చీలుస్తారు, రెండు విభాగాలను కలుపుతారు. ఒక పోస్టుకు పేరు మారుస్తారు, ఇంకో పోస్టును దాని నెత్తి మీద పెడతారు. దానికి 'పునర్వ్యవస్థీకరణ' అని బారెడు పేరు. చెరువు తెగినంక కట్ట పోసే ఈ పని యాభై ఏళ్లకు పైగా సాగుతూనే ఉంది. ఈ సంస్థలు ఎవరికి జవాబుదారీ అన్న ప్రశ్న మాత్రం ఏ పునర్వ్యవస్థీకరణలోనూ ఫైలు మీదికి రాలేదు. రానివ్వలేదు.

చరిత్ర చూడండి. ఇంటెలిజెన్స్ బ్యూరో మూలాలు 1887 నాటివి. తెల్లదొర మన మీద కన్నేసి ఉంచడానికి పెట్టుకున్న సంస్థ అది. 1947లో దొర పోయాడు, సంస్థ ఉండిపోయింది. 1962లో చైనాతో, 1965లో పాకిస్తాన్‌తో యుద్ధాలు వచ్చాయి. విదేశీ సమాచారం సరిగా అందలేదన్న విమర్శలు వచ్చాయి. దాంతో 1968 సెప్టెంబర్‌లో ఇందిరాగాంధీ ప్రభుత్వం ఐబీని చీల్చింది. ఇంటి లోపలి నిఘా ఐబీకి, బయటి దేశాల నిఘా కొత్తగా పుట్టిన 'రా'కు. ఆర్.ఎన్.కావ్ నాయకత్వంలో సుమారు 250 మందిని ఐబీ నుంచి తీసుకుని దాన్ని మొదలుపెట్టారు. ఆ మార్పు అవసరమైందే. 1971 బంగ్లాదేశ్ యుద్ధంలో దాని ఫలితం కనిపించింది. మంచిని మంచి అనడానికి మాకు ఇబ్బంది లేదు.

కానీ ఆ సంస్థను ఏ చట్టం పుట్టించింది? ఏ చట్టమూ కాదు. కార్యనిర్వాహక ఉత్తర్వుతో పుట్టింది. ఉత్తర్వుతో పుట్టినదాన్ని ఇంకో ఉత్తర్వుతో ఎటైనా వంచవచ్చు. తొమ్మిదేళ్లకే అది రుజువైంది. 1977లో ఎమర్జెన్సీ పోయి జనతా సర్కారు వచ్చింది. ఎమర్జెన్సీలో 'రా'ను దేశంలోని ప్రతిపక్షాల మీద వాడారని మొరార్జీ దేశాయ్ అనుమానం. అనుమానం ఉంటే విచారణ జరిపి, మళ్లీ అట్లా జరగకుండా చట్టం చేయాలి. ఆయన చేసిందేమిటి? సంస్థకు కత్తెర వేశాడు, అధిపతి హోదాను కార్యదర్శి నుంచి డైరెక్టర్‌కు దించాలని చూశాడు. కావ్ తర్వాత వచ్చిన శంకరన్ నాయర్ అది ఒప్పుకోక కొద్ది నెలల్లోనే తప్పుకున్నాడు. రోగం ఒకటైతే మందు ఇంకోటి. తలకాయ మారింది, దుర్వినియోగానికి తెరిచి ఉన్న తలుపు అట్లాగే ఉంది.

ఉద్యోగికి మాత్రం చట్టం దొరికింది

ఉద్యోగ మిత్రులు ఇక్కడ చెవి పెట్టాలి. 'రా'లో ఐపీఎస్ నుంచి డిప్యుటేషన్ మీద వచ్చినవాళ్లు ఒక వర్గం. సంస్థలోనే చేరి, అక్కడే ఎదిగిన సొంత సర్వీసు వాళ్లు ఇంకో వర్గం. కావ్ కాలంలోనే సొంత కేడర్ పెట్టారు, 1975లో సర్వీసు నిబంధనలు రాశారు. అయినా పై కుర్చీ ఎక్కువసార్లు ఎక్కడి నుంచి వచ్చినవాళ్లకు దక్కిందో అధిపతుల జాబితా చూస్తే తెలుస్తుంది. 2000లో అధిపతి అయిన విక్రమ్ సూద్ లాంటి పోలీసు సర్వీసుకు చెందని మనిషి ఆ జాబితాలో అరుదు. బయటి నుంచి వచ్చినవాడు పైన, పునాది నుంచి పనిచేసినవాడు కింద! ఈ కథ మన ఉద్యోగులకు కొత్త కాదు. 610 జీవో ఎందుకొచ్చిందో తెలిసినవాళ్లకు విడమరిచి చెప్పనక్కర లేదు.

1980లో 'రా'లో కింది స్థాయి ఉద్యోగులు సంఘం పెట్టుకుని ఆందోళనకు దిగారు. అధికారులను ఘెరావ్ చేశారు, కలాలు కింద పెట్టారు. సర్కారు ఏం చేసింది? కొందరిని విచారణ లేకుండానే ఉద్యోగాల్లోంచి తీసేసింది. రాజ్యాంగంలోని 311వ అధికరణంలో విచారణ ఆచరణసాధ్యం కాదనుకుంటే తీసేయవచ్చన్న వెసులుబాటు ఉంది కదా, దాన్ని వాడుకుంది. 1985లో సుప్రీంకోర్టు కూడా ఆ తొలగింపులను సమర్థించింది. అంతటితో ఆగలేదు. 1984లో 50వ సవరణతో రాజ్యాంగంలోని 33వ అధికరణాన్ని మార్చి, సైన్యం, పోలీసులతో పాటు నిఘా ఉద్యోగులను కూడా అందులో చేర్చారు. 1985లో 'నిఘా సంస్థల హక్కుల పరిమితి చట్టం' తెచ్చారు. ఐబీ, 'రా' ఉద్యోగులు ట్రేడ్ యూనియన్‌లో చేరవద్దు, రాజకీయ సంఘంలో ఉండవద్దు, పత్రికలతో మాట్లాడవద్దు. కాదంటే జైలు.

ఇది జాగ్రత్తగా గమనించాలి. ఏ నిఘా సంస్థలకైతే అధికారాలేమిటో, హద్దులేమిటో చెప్పే చట్టం పార్లమెంటు చేయలేదో, ఆ సంస్థల పేర్లు షెడ్యూల్లో రాసి మరీ వాటి ఉద్యోగుల నోరు కట్టేసే చట్టం చేసింది. పైవాడిని అడిగే చట్టం లేదు. కిందివాడిని అణిచే చట్టం ఉంది. చేతగాక చేయలేదని అనుకుందామా? రాజ్యాంగం ఏడో షెడ్యూల్ కేంద్ర జాబితాలో ఎనిమిదో అంశమే కేంద్ర నిఘా, పరిశోధన సంస్థ. అంటే 1950 నుంచీ పార్లమెంటుకు ఆ అధికారం ఉంది. లేనిది సోయి.

ఆ నోరు కట్టు ఎంత దూరం పోయిందో ఇంకో ఉదాహరణ. 'రా'లో ఒక మహిళా అధికారి పైఅధికారుల మీద లైంగిక వేధింపుల ఫిర్యాదు చేసింది. చివరికి ఆమెనే బలవంతంగా రిటైర్ చేశారు. ఉద్యోగి ఎవరో బయటపడితే ఇంటికి పంపవచ్చన్న 135వ నిబంధన చూపించారు. 2020లో సుప్రీంకోర్టు ఆ రిటైర్మెంట్‌ను సమర్థిస్తూనే, ఆమె ఫిర్యాదును పట్టించుకున్న తీరు సరిగా లేదని లక్ష రూపాయల పరిహారం ఇవ్వమంది. అన్యాయం జరిగిందని చెప్పుకోవడానికి సంఘం లేదు, పత్రిక లేదు. సమాచార హక్కు చట్టం కింద అడుగుదామంటే 24వ సెక్షన్ అడ్డం. అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకు తప్ప ఆ సంస్థలకు మినహాయింపు ఇచ్చారు.

కమిటీల మీద కమిటీలు

1999లో కార్గిల్ వచ్చింది. కె.సుబ్రహ్మణ్యం కమిటీ వేశారు. నిఘాలో లోపాలున్నాయని కమిటీ చెప్పింది. 2001లో మంత్రుల బృందం నివేదిక వచ్చింది. 2002లో డిఫెన్స్ ఇంటెలిజెన్స్ ఏజెన్సీ పుట్టింది. 2004లో సాంకేతిక నిఘాకు ఎన్‌టీఆర్‌వో పుట్టింది. అంతకు ముందే 1998లో జాతీయ భద్రతా సలహాదారు పోస్టు వచ్చింది. 2018లో వ్యూహాత్మక విధాన బృందానికి కేబినెట్ కార్యదర్శిని తీసేసి ఆ సలహాదారునే అధ్యక్షుడిని చేశారు. అన్నీ ఉత్తర్వులే! దేశ నిఘా పగ్గాలు చేతులు మారుతుంటే పార్లమెంటు ఒక్క ఓటు వేయలేదు. ఇన్ని కొత్త కుర్చీలు వేసినవాళ్లు ఉన్న కుర్చీల్లో మనుషులను నింపారా? 2013 నాటికి ఒక్క ఐబీలోనే సుమారు 27 వేల మంజూరైన పోస్టుల్లో 8 వేల దాకా ఖాళీ. నిరుద్యోగ పిల్లలు లైబ్రరీల్లో పుస్తకాలు తిరగేస్తుంటే పోస్టులు ఫైళ్లలో నిద్రపోయాయి.

2012 ఫిబ్రవరిలో ఇంకో సాహసం చేశారు. జాతీయ ఉగ్రవాద నిరోధక కేంద్రాన్ని ఐబీలో భాగంగా పెట్టి, దానికి అరెస్టు చేసే, సోదా చేసే అధికారం ఇస్తామన్నారు. అదీ ఉత్తర్వుతోనే. చాటుగా వినేవాడికే పట్టుకుపోయే అధికారం కూడా ఇస్తే ఇక అడిగేదెవరు? పశ్చిమ బెంగాల్, ఒడిశా, తమిళనాడు, గుజరాత్ ముఖ్యమంత్రులు, పార్టీలు వేరైనా, ఒక్క గొంతుతో వద్దన్నారు. కేంద్రం వెనక్కి తగ్గింది. రాష్ట్రాలు అడ్డం తిరిగితే ఢిల్లీ ఆగుతుందని అప్పుడు తెలిసింది.

చట్టం చేస్తే రహస్యాలు బయటపడతాయని ఒక వాదన ఉంది. ఈ మాట అనేవాళ్లు లోకం చూడాలి. మనకు నిఘా నేర్పిన బ్రిటిష్ వాడే 1989లో ఎం.ఐ.5కు, 1994లో ఎం.ఐ.6కు చట్టాలు రాసుకున్నాడు. పార్లమెంటు సభ్యులతో పర్యవేక్షణ కమిటీ పెట్టుకున్నాడు. వాళ్ల గూఢచారుల పేర్లేమైనా పేపర్లో వచ్చాయా? దొర మారాడు, దొర దగ్గర నేర్చుకున్న మనం మారలేదు. అమెరికాలో 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత నిఘా సంస్థలన్నిటి మీద ఒక జాతీయ డైరెక్టర్‌ను పెట్టాలనుకున్నారు. సీఐఏ అధిపతి దగ్గరున్న ఆ పెద్దరికం తీసి ఇంకొకరికి ఇవ్వడానికి 2004లో వాళ్ల కాంగ్రెస్ చట్టం చేసింది. అక్కడ కుర్చీ జరపాలన్నా చట్టసభలో చర్చ జరిగింది. చట్టం ఉన్నంత మాత్రాన అమెరికా నిఘా శుద్ధపూస అయిందని మేము అనడం లేదు. 2013లో స్నోడెన్ బయటపెట్టిన బాగోతం అందరికీ తెలుసు. కానీ తప్పు బయటపడ్డప్పుడు నిలదీయడానికి అక్కడ ఒక గీత ఉంది. ఇక్కడ గీతే లేదు. దాటారని ఎట్లా చెప్పాలి?

మన పార్లమెంటుకు వేళ లేదా? ముంబై దాడులు 2008 నవంబర్ 26న జరిగితే డిసెంబర్ 31 నాటికి ఎన్ఐఏ చట్టం అమల్లోకి వచ్చింది. కావాలనుకుంటే నెల రోజులు చాలు. 2011లో మనీష్ తివారీ నిఘా సంస్థల అధికారాలు, నియంత్రణ మీద ప్రైవేటు బిల్లు పెడితే దాన్ని చట్టం చేయడానికి మాత్రం ఎవరికీ తీరిక దొరకలేదు. అధికారంలో ఉన్నవాడికి ఆ గొలుసు వద్దు. ప్రతిపక్షంలో ఉన్నవాడు రేపు తనకూ పనికొస్తుందని మౌనం.

మన ఇంటి ముచ్చట

ఢిల్లీని తిట్టి చేతులు దులుపుకుంటే అది సగం నిజమే అవుతుంది. మావోయిస్టుల సమాచారం కోసం ఉమ్మడి రాష్ట్రంలో పెట్టిన స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్రాంచి రాష్ట్రం విడిపోయాక మనకూ వచ్చింది. 2024 మార్చిలో హైదరాబాద్‌లో కేసు నమోదైంది. ఆ బ్రాంచి పరికరాలతో రాజకీయ నాయకులు, పాత్రికేయులు, ఇంకా ఎందరివో ఫోన్లు విన్నారని, 2023 డిసెంబర్‌లో ఎన్నికల ఫలితాలు రాగానే హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారని ఆరోపణ. పోలీసు అధికారులే అరెస్టయ్యారు. ఎవరు దోషో కోర్టు తేలుస్తుంది, అది మా పని కాదు. మా ప్రశ్న వేరే. అడవిలో తుపాకీ మీద నిఘా కోసం పెట్టిన విభాగం మీద అసెంబ్లీకి ఏ అజమాయిషీ ఉంది? 1996లో పీయూసీఎల్ కేసులో సుప్రీంకోర్టు ఫోన్ వినడానికి హోం కార్యదర్శి ఉత్తర్వు, సమీక్షా కమిటీ ఉండాలంది. బాగానే ఉంది. ఉత్తర్వు ఇచ్చేదీ అధికారే, సమీక్షించేదీ అధికారులే! కంచె చేను మేయకుండా చూసే పని కంచెకే అప్పగించారు.

రాష్ట్రం కోసం కొట్లాడిన రోజుల్లో మన వెంట ఎవరో నడుస్తున్నారని, మన మాట ఎవరో వింటున్నారని మనమే అరిచినం. రాష్ట్రం వచ్చినంక కుర్చీలో మనోళ్లు కూర్చుంటే అదే సరిపోతుందనుకున్నం. మనోడైనా, పరాయోడైనా పగ్గం లేని అధికారం ఒక్క తీరే పనిచేస్తుంది. ఇది ఒప్పుకోవడానికి మనసు నొస్తుంది. కానీ ఒప్పుకోవాలి.

అందుకే అడుగుతున్నాం. ఒకటి, ఐబీ, 'రా', ఎన్‌టీఆర్‌వోల విధులు, హద్దులు రాసిన చట్టం కావాలి. ఇక మీదట విభాగం చీల్చినా, అధిపతి అధికారం మార్చినా అది పార్లమెంటు ముందుకు రావాలి. రెండు, అన్ని పార్టీల సభ్యులతో పర్యవేక్షణ కమిటీ కావాలి. మూడు, ఫోన్ వినాలంటే జడ్జి అనుమతి కావాలి. నాలుగు, నిఘా ఉద్యోగి తన గోడు చెప్పుకోవడానికి స్వతంత్ర వేదిక కావాలి, పదోన్నతుల్లో సొంత కేడర్‌కు న్యాయం జరగాలి, ఖాళీలు నింపాలి. అయిదు, రాష్ట్ర నిఘా విభాగానికి కూడా అసెంబ్లీ చట్టం చేయాలి. పోలీసు రాష్ట్ర జాబితాలోనే ఉంది కాబట్టి దీనికి ఢిల్లీ అనుమతి వంక చెప్పే వీలు లేదు.

విద్యార్థి మిత్రులారా, ఉద్యోగ మిత్రులారా! రేపు మళ్లీ ఏదో ఘోరం జరుగుతుంది, మళ్లీ పునర్వ్యవస్థీకరణ అంటారు, టీవీలో కొత్త అధిపతి ఫొటో చూపిస్తారు. అప్పుడు చప్పట్లు కొట్టకండి. చట్టం ఏదని అడగండి. ఓటడగ వచ్చిన ఎంపీని అడగండి, ఎమ్మెల్యేని అడగండి. ఆ చట్టం గోడకు ఆనుకుని నిలబడి పేర్లు రాసుకునే ఆ మనిషి నుంచి మనల్ని కాపాడాలి. మెమో భయంతో రాసే ఆ మనిషిని 'పైన' నుంచి కాపాడాలి.