నొప్పి మాత్రలలో ఏది మేలు?

2006వ సంవత్సరంలో చికున్‌గున్యా జ్వరం అండమాన్ దీవులలో విజృంభించింది. జ్వరం కొద్ది దినాలలో తగ్గినా, కీళ్ల నొప్పులు అనేకులను నెలల తరబడి వదలలేదు. నేడు శ్రీ విజయపురమని పిలువబడుతున్న పోర్ట్ బ్లెయిర్ చెంతనున్న ప్రోతరాపూర్‌లో గాని, ఆ ఏడే ఆ జ్వరం పాలైన ఆంధ్రదేశపు పల్లెలలో గాని, అటువంటి నొప్పికి మొదట గుర్తుకు వచ్చేది మందుల దుకాణమే. ‘గట్టి మాత్ర ఇవ్వండి’ అని అడిగేవారే గాని, ‘ఇది నాకు తగునా?’ అని అడిగేవారు అరుదు. అసలు అడగవలసిన ప్రశ్న అదే.

శరీరంలో ప్రోస్టాగ్లాండిన్లనే పదార్థాలు నొప్పిని, వాపును కలిగిస్తాయి. ఆస్పిరిన్ వీటి ఉత్పత్తిని అరికడుతుందని 1971లో జాన్ వేన్ కనుగొన్నాడు. అందుకు 1982లో నోబెల్ బహుమతి పొందాడు. అయితే ఆ పదార్థాలే జీర్ణకోశపు లోపొరను కాపాడుతాయి, మూత్రపిండాలకు రక్తప్రసారం తగ్గకుండా చూస్తాయి. కనుక నొప్పిని అణచే మాత్ర ఆ రక్షణను కూడా తొలగిస్తుంది.

ఈ మాత్రలన్నీ ఒకే విధంగా హాని చేయవు. తక్కువ మోతాదులో ఐబుప్రొఫెన్ జీర్ణకోశానికి కొంత నయం. పైరాక్సికామ్, కీటోరొలాక్‌లతో రక్తస్రావపు భయం హెచ్చు. నాప్రాక్సెన్ గుండెకు తక్కువ ముప్పు తెస్తుంది గాని, కడుపును బాధిస్తుంది. డైక్లోఫెనాక్ గుండెజబ్బు ఉన్నవారికి తగదు. కడుపును కాపాడుతుందని పేరొందిన రోఫెకాక్సిబ్, గుండెపోటుకు దారితీస్తున్నదని తేలి 2004లో ప్రపంచమంతటా విపణి నుండి వైదొలగింది. కాలేయానికి కీడు చేయగల నిమెసులైడ్‌ను పన్నెండేళ్లలోపు పిల్లలకు ఇవ్వరాదని మన దేశంలో 2011లో నిషేధించారు. మూత్రపిండాల విషయంలో మాత్రం అన్నీ ఒకే తాను ముక్కలు.

దీవులలో మరొక జాగ్రత్త అవసరం. 1988 నుండి అక్కడ కనిపించిన అంతుపట్టని రక్తస్రావ జ్వరం, ఎలుకల మూత్రంతో కలుషితమైన నీటి ద్వారా సోకే లెప్టోస్పైరోసిస్ అని తరువాత నిర్ధారణ అయింది. అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. డెంగ్యూ జ్వరంలో రక్తస్రావపు భయం ఉంటుంది. చికున్‌గున్యా వలెనే ఇవి కూడా జ్వరంతో, ఒళ్లు నొప్పులతో మొదలవుతాయి. కనుక ఏ జ్వరమో తేలేవరకు ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్‌ల జోలికి పోరాదు. పారాసిటమాల్ వాపును తగ్గించకపోయినా, అప్పటికి అదే మేలు. దానికీ హద్దు ఉన్నది: పెద్దవారిలో రోజుకు 4 గ్రాములు మించితే కాలేయానికి చేటు.

వృద్ధులు, గర్భిణులు, కడుపులో పుండు గాని, గుండె, మూత్రపిండాల జబ్బు గాని ఉన్నవారు, రక్తపోటుకు మందులు వాడేవారు వైద్యుని అడగనిదే ఈ మాత్రలు మింగరాదు. ఒకే మాత్రలో రెండు మందులు కలిసి ఉండవచ్చు గనుక అట్టమీది పేర్లు చదవాలి. ఈ జాతివి రెండు ఒకేసారి వాడరాదు. మోకాలి నొప్పి వంటివాటికి పైపూత మందు చాలాసార్లు సరిపోతుంది. మలం నల్లగా వచ్చినా, మూత్రం తగ్గినా మాత్ర మాని వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.