ఫారంలో పట్టని యుద్ధం

ఆంటొనీ స్వాఫర్డ్ రాసిన ‘జార్‌హెడ్’ను ఎక్కడైనా చదవొచ్చు. కువైట్‌లో చదివేవాడికి మాత్రం అది పక్కింటి సంగతి. 2003లో అచ్చయిన ఈ సైనికుడి అనుభవాల పుస్తకం పాత ప్రతి ఒకటి నాకు అల్ రాయ్‌లోని ఫ్రైడే మార్కెట్‌లో దొరికింది, పాత మిక్సీలకూ రంగు వెలిసిన సూట్‌కేసులకూ మధ్య. నాకన్నా ముందు చదివినవారెవరో చమురు బావులు తగలబడే పేజీల్లో మాత్రమే పెన్సిల్‌తో గీతలు గీశారు. మిగతా పుస్తకమంతా శుభ్రంగా ఉంది. ఆ పొగ కింద బతికిన మనిషే ఆ గీతలు గీసి ఉంటారని నాకు గట్టిగా అనిపించింది.

గల్ఫ్ యుద్ధం నాటికి స్వాఫర్డ్ ఇరవై ఏళ్ల అమెరికన్ మెరీన్. పొంచి ఉండి గురిచూసి కాల్చడం అతను నేర్చిన విద్య. నెలల తరబడి సౌదీ ఎడారిలో ఎదురుచూశాడు. 1991 ఫిబ్రవరి 24న మొదలైన భూతల యుద్ధం 28కల్లా ముగిసింది. కాల్చే అవకాశం వచ్చిన చోట పైఅధికారి వద్దన్నాడు. అతని తుపాకీ ఒక్క మనిషినీ చంపలేదు. ఆ మాట దాచలేదు, అందుకు కలిగిన నిరాశనూ దాచలేదు. భయం, విసుగు, కాలిపోయిన ఇరాకీ సైనికుల శవాల మధ్య నడక, ఒంటిమీద కురిసిన చమురు, అన్నీ రాశాడు. అప్పుడు తగలబడ్డ చమురు బావులు ఆరువందలకు పైనే. చివరిది ఆరింది ఆ ఏడాది నవంబరు 6న. తన గొప్ప చెప్పుకోకుండా యుద్ధం గురించి రాసిన ఈ మనిషంటే నాకు గౌరవం.

అయినా సైనికుడి పుస్తకంలో లోకమంతా సైనికులదే. అతను ఇసుకలో గుంటలు తవ్వుకుంటూ ఎదురుచూసిన నెలల్లోనే మనవాళ్ల యుద్ధం జరిగిపోయింది.

1990 ఆగస్టు 2 తెల్లవారుజామున సద్దాం సేనలు కువైట్‌లోకి వచ్చాయి. అప్పుడు ఇక్కడ లక్షన్నరకు పైగా భారతీయులున్నారు. రాజంపేట, రైల్వే కోడూరు, రాయచోటి వైపు నుంచి, గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాళ్లూ వాళ్లలో ఉన్నారు. ఇళ్లలో పనిచేసే ఖద్దామాలు, డ్రైవర్లు, వంటవాళ్లు, తాపీ పనివాళ్లు. అప్పటి విదేశాంగ మంత్రి ఐ.కె. గుజ్రాల్ బాగ్దాద్ వెళ్లి మాట్లాడారు. బస్రా, బాగ్దాద్ మీదుగా బస్సుల్లో జోర్డాన్, అక్కడ ఎడారి గుడారాల్లో వంతు కోసం పడిగాపులు, ఆపైన అమ్మాన్ నుంచి బొంబాయికి విమానం. 59 రోజుల్లో 488 విమానాలు నడిచాయని, ఆ తరలింపు మీద సినిమా వచ్చాక అందరికీ నోటికొచ్చింది. పాస్‌పోర్టు కఫీల్ చేతిలో, అంటే వీసా ఇచ్చిన యజమాని చేతిలో ఉండి, ఆ కఫీలే సౌదీకి వెళ్లిపోతే, ఖాళీ ఇంట్లో మిగిలిన ఆడమనిషి ఆ బస్సు దాకా ఎలా చేరిందో ఈ అంకెలు చెప్పవు.

వాళ్ల యుద్ధం కాగితం మీదికి ఎక్కింది ఒకే ఒక్క చోట, ఐక్యరాజ్యసమితి నష్టపరిహార కమిషన్ ఫారంలో. 1991లో జెనీవా కేంద్రంగా ఏర్పడిన ఆ కమిషన్ ‘ఎ’ తరగతి కింద, 1990 ఆగస్టు 2కూ 1991 మార్చి 2కూ మధ్య ఇరాక్ నుంచో కువైట్ నుంచో వెళ్లిపోవలసి వచ్చినవాళ్లకు ముందే నిర్ణయించిన మొత్తం ఇచ్చింది. మనిషికి 2,500 డాలర్లు. మరే తరగతిలోనూ అడగబోమని రాసిస్తే 4,000. ఎంత పోగొట్టుకున్నారో రుజువు చూపనక్కర్లేదు, దేశం వదిలినట్టు తేలితే చాలు. పేదవాడికి త్వరగా డబ్బు అందాలంటే అదే సరైన పద్ధతి, నేను దాన్ని తప్పుపట్టను. అలా ఎనిమిది లక్షలకు పైగా దరఖాస్తులకు పరిహారం దక్కింది. కానీ ఎనిమిది లక్షల కథలు ఒక తేదీగా, ఒక మొత్తంగా మిగిలిపోయాయి.

కువైట్ తన కథను జాగ్రత్త చేసుకుంది. 1991 ఫిబ్రవరి 24న ప్రతిఘటన దళం యువకులు ఇరాకీ సేనలతో పోరాడిన కురైన్ ఇంటిని, తూటాలు తూట్లు పొడిచిన గోడలతోనే మ్యూజియంగా ఉంచింది. పందొమ్మిది మందిలో పన్నెండు మంది ప్రాణాలు కోల్పోయారు. నేను ఆ ఇంటికి వెళ్లాను. ఈ ఊళ్లో పనిచేసే ప్రతి తెలుగువాడూ ఒకసారి వెళ్లాలి. అమెరికన్ సైనికుడికీ పుస్తకం ఉంది, కొనే దేశం ఉంది, అతని కథతో తీసిన సినిమా ఉంది. మన ఖద్దామాకు ఏముంది?

చెప్పమంటే వాళ్లు చెప్పరని కొందరంటారు. నిజమే, మొదట చెప్పరు. “ఏముంది నాయనా చెప్పేదానికి, అందరితో పాటే వచ్చినాం” అంటారు. కాసేపు కూర్చుని బస్సు గురించి అడిగితే మాట ఆగదు. దాచుకున్న దినార్లు దారిలో ఎవరూ మార్చకపోవడం దగ్గర గొంతు పెరుగుతుంది. విముక్తి తర్వాత కువైట్ కొత్త నోట్లు తెచ్చి, ఇరాక్ దోచుకుపోయిన వరుస సంఖ్యల నోట్లు చెల్లవంది.

అప్పుడు పాతికేళ్లున్నవాళ్లకు ఇప్పుడు అరవై నిండాయి. వాళ్ల పెద్దలు చాలామంది పోయారు. శుక్రవారం మాలియాలో గుమిగూడే మన సంఘాలు పండగలకూ సన్మానాలకూ పెట్టే శ్రమలో కొంత ఈ కథలు సేకరించడానికి పెట్టాలి. కడపలో సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఉంది, యోగి వేమన విశ్వవిద్యాలయం ఉంది. విద్యార్థులు ఫోన్లు పట్టుకుని రాజంపేట, కోడూరు పల్లెలకు వెళ్తే చాలు. ఆ మనుషుల మాటలు ఆ మనుషుల యాసలోనే దాచాలి. ఏ తేదీన బయల్దేరారో ఆ ఫారం ఎప్పుడో అడిగింది. బస్సెక్కేదాకా ఎవరింట్లో తలదాచుకున్నారు, గుడారాల్లో నీళ్లెవరు పోశారు, బంగారం ఎక్కడ దాచి తెచ్చారు, ఊళ్లో దిగాక అప్పులవాళ్లకు ఏం చెప్పారు, అంతా అయ్యాక మళ్లీ కువైట్ విమానం ఎందుకెక్కారు అని అడగాలి.