హిమము వారిది, ఉప్పునీరు మనదియా?

ఐరోపాఖండమున చలికాలము మెత్తబడుచున్నది, హిమపాతము సన్నగిల్లుచున్నది. స్విట్జర్లాండు హిమానీనదములు 2022, 2023 సంవత్సరములలోనే తమ పరిమాణమున పదవవంతు కోల్పోయినవి. అచ్చటి విహారకేంద్రములు యంత్రములతో మంచు కురిపించుకొనుచున్నవి. కొబ్బరితోటల నీడనున్న మలికిపురమువారికి దీనితో నేమి పని యని కొందరందురు. పని కలదు.

కరగిన హిమానీనదము సముద్రమున చేరును. వేడెక్కిన సముద్రజలము ఉబ్బును. 1900 మొదలు సముద్రమట్టము సుమారు 20 సెంటీమీటర్లు పెరిగినది. ఆ సముద్రమే మన అంతర్వేది యొడ్డును కోయుచున్నది. వారికి పోవునది వినోదము. మనకు పోవునది మాగాణి.

ఈ వేడిమికి ప్రధాన కారకులెవరు? రెండు శతాబ్దములుగా బొగ్గును, పిదప చమురును కాల్చి భాగ్యవంతములైన దేశములే. పేదదేశములకు 2020 నాటికి ఏటా 10,000 కోట్ల డాలర్లు సమకూర్తుమని 2009లో కోపెన్‌హాగెన్‌లో వారు మాట యిచ్చిరి. ఆ మొత్తము మొదటిసారి నిండినది 2022లో! అందును అధికభాగము అప్పే. ఇల్లు తగులబెట్టినవాడు నీళ్లకుండకు వడ్డీ యడుగుట యన నిదియే.

అట్లని నేరమంతయు పరులపై త్రోసి కూర్చుండుట ధర్మము కాదు. ఎగువ ఆనకట్టలు గోదావరి యొండ్రును ఆపుచుండ, డెల్టా నిలుచుట యెట్లు? మడయడవులు నరికి రొయ్యలచెరువులు త్రవ్వినది మనవారు కారా?

కావున మన కోరికలు రెండు. ఐరోపా తన బాకీ తీర్పవలెను. మన ప్రభుత్వము ఒండ్రును సాగనిచ్చి, మడను నాటవలెను. మనము యాచకులము కాము, ఋణదాతలము. అయినను, మన గట్టు మనము కాచుకొననిచో, ఋణము వసూలగునాటికి పొలముండదు.