పడినా పగలకూడదంటే



సెలవులు వచ్చాయంటే కొందరు పిల్లలు కంప్యూటరు ముందు కూర్చొని రాకెట్లు కట్టుచుంటారు. 2011లో వచ్చిన ‘కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్’ అనే ఆటలో ఇంజను, ట్యాంకు, కాళ్లు, పారాచూటు ఒక్కొక్కటే అతికించి నౌకను వారే తయారు చేస్తారు. ప్రతి భాగము ఎంత వేగపు తాకిడికి ఓర్చుకొనగలదో ఒక అంకె ఉంటుంది. అది దాటితే ఆ భాగము పేలిపోతుంది. కొందరు పనిగట్టుకొని నౌకను నేలకు కొట్టి, ఏది మిగిలినదో చూస్తారు. “కట్టినది కూల్చుట ఏమి ఆటరా?” అని పెద్దలు విసుగుకొంటారు.

అయితే ఇటువంటి పనినే మన తిరుపతి జిల్లాలోని శ్రీహరికోటలో శాస్త్రజ్ఞులు ఎంతో శ్రద్ధగా చేశారు. గగనయాన్‌లో మనుషులు కూర్చోవలసిన గదిని 2023 అక్టోబరు 21న ఖాళీగా పైకి పంపి, దారిలో ప్రమాదము జరిగినట్టే దానిని రాకెట్టు నుండి తప్పించారు. అది సుమారు 17 కిలోమీటర్ల ఎత్తు నుండి పారాచూట్లతో బంగాళాఖాతములో దిగినది. 2025 ఆగస్టు 24న 4.8 టన్నుల నమూనా గదిని చినూక్ హెలికాప్టరు నుండి సుమారు 3 కిలోమీటర్ల ఎత్తున జారవిడిచి పారాచూట్లను పరీక్షించారు. ఖాళీ గదికి ఏమైనా అయితే నష్టము డబ్బే. మనుషులుంటే ప్రాణాలే గదా!

2019 సెప్టెంబరు 7న చంద్రయాన్-2 ల్యాండరు విక్రమ్ చంద్రునిపై కూలినది. తరువాతి ల్యాండరును, ఏమేమి తప్పిపోవచ్చునో ముందే ఆలోచించి తయారు చేశారు. సెకనుకు 2 మీటర్ల వేగముతో దిగినా తట్టుకొను కాళ్లను 3 మీటర్లకు గట్టిపరచారు. ఒక్క మీటరే గదా అనుకొనవద్దు. తాకిడి శక్తి వేగపు వర్గమును బట్టి పెరుగుతుంది. 2కు 4 అయితే 3కు 9, అనగా రెండింతలకు మించిన దెబ్బ! 2023 ఆగస్టు 23న ఆ కాళ్లు చంద్రుని నేలపై నిలిచినవి.

ఆటలో ఒక మీట నొక్కితే నౌక మరల సిద్ధము. నిజములో మరొక విక్రమ్ దిగుటకు నాలుగేండ్లు పట్టినది.

కాబట్టి మీ బిడ్డ నౌకను కూల్చినప్పుడు కోపగించక మూడు ప్రశ్నలు అడగండి: మొదట ఏది విరిగినది? ఎందుకు? ఈసారి ఏమి మార్చుదువు? జవాబు చెప్పగలిగితే అది చదువే. చెప్పలేకపోతే కంప్యూటరు కట్టించి, ఒక పచ్చి గుడ్డు, కొంచెము దూది, ఒక ప్లాస్టిక్ సంచి చేతికిచ్చి మిద్దె ఎక్కించండి. గుడ్డు పగలకుండ దింపమనండి. గుడ్లు రెండు మూడు పోయినా ఫరవాలేదు.