నవ్వులాట – నగుబాటు

నవ్వు నాలుగు విధాల చేటని మన పెద్దలు అన్నారు. అయినా తెలుగువాడు నవ్వు మానలేదు. ఉర్దూ మాట్లాడేవారు అంతకంటె మానలేదు. మరి ఈ రెండు భాషల విద్యార్థులు ఒకే కప్పు క్రింద చదువుకొనే మన కళాశాలలో ఎవరి నవ్వు వారిదిగానే ఉండిపోవడానికి కారణమేమిటి? ఈ ప్రశ్న మాకు గ్రంథపఠనం వల్ల కలిగినది కాదు. ఒక వార్షికోత్సవంలో జరిగిన చిన్న సంఘటన వల్ల కలిగినది.

ఆనాటి వినోద కార్యక్రమంలో తెలుగు విభాగం వారము మేము ఒక హాస్య నాటిక వేశాము. అందులో ఒక దర్జీ పాత్ర ఉన్నది. అతడు ఉర్దూ యాసతో తెలుగు మాట్లాడుతాడు. "అమ్మ వచ్చాడు, రవిక తీసుకొని పోయాడు" అంటాడు. సభ అంతా గొల్లుమన్నది. చప్పట్లు మ్రోగినాయి. ఉర్దూ విభాగానికి చెందిన మా మిత్రుడు మాత్రం మొదటి వరుసలో కదలక మెదలక కూర్చున్నాడు. మరునాడు వరండాలో కలిసినపుడు మేము చనువుకొద్దీ అడిగాము: "ఏమోయ్ భాయీ, మీవాళ్ళకు హాస్యప్రియత్వం లేదా?"

అతడు కోపగించుకోలేదు. "మీరు నిన్న అనుకరించినది మా నాన్నగారి తెలుగు. ఆయన నలభయ్యో ఏట, బట్టలు కుట్టించుకొనడానికి వచ్చే అమ్మల దగ్గర ఆ భాష నేర్చుకొన్నారు. ఆ తెలుగే మా ఇంట అన్నం పెట్టింది" అన్నాడు.

మాకు మాట తోచలేదు. మా మౌనం చూచి అతడే నవ్వి, "అసలు తప్పు మీ వ్యాకరణానిది. మీ భాషలో అమ్మ వచ్చింది, ఆవు కూడా వచ్చింది! అమ్మను ఆవుతో జతచేయడం మా నాన్నగారికి మర్యాదగా తోచలేదేమో" అన్నాడు. ఆ మాటకు మేము పగలబడి నవ్వాము. మేము ఊరుకోక, "మీ భాషలో మాత్రం కుర్చీ స్త్రీ, మకాను పురుషుడు! ఇంట్లో కుర్చీ వేయాలంటే వాటికి ముందు నికా జరిపించాలా?" అని అడిగాము. అతడు మాకంటె గట్టిగా నవ్వాడు. ముందురోజు సభలో పుట్టిన నవ్వుకూ, వరండాలో పుట్టిన ఈ నవ్వుకూ ఉన్న తేడా ఏమిటన్నదే మేము ఇక్కడ విచారించదలచిన విషయం.

ఆనాటి నుండి మా ఇరువురి సంభాషణలలో హాస్యానికి ప్రత్యేక స్థానం ఏర్పడినది. మా హాస్యంలో శ్లేషకు పెద్దపీట. తెనాలి రామకృష్ణుని కథలలో మాట విరుపు మీద ఆధారపడినవి అతనికి చెప్పబోయి మేము అలసిపోయాము. వివరించిన హాస్యం చల్లారిన కాఫీ వంటిది. వారి హాస్యంలో హాజిర్ జవాబీకి, అనగా అప్పటికప్పుడు తడుముకోకుండా చెప్పే జవాబుకు, అగ్రతాంబూలం. మీర్జా గాలిబ్ (1797–1869) కు మామిడిపండ్లంటే ప్రాణం. వీధిలో ఒక గాడిద మామిడిపండ్లను వాసన చూచి వదలిపోగా, ఆ పండ్లు గిట్టని మిత్రుడొకడు "చూశారా, గాడిదలు కూడా మామిడిపండ్లు తినవు" అన్నాడట. "అవును, గాడిదలు తినవు" అని గాలిబ్ జవాబు. ఈ కథకు తెలుగులో ఒక్క ముక్క వివరణ అవసరం లేకపోయినది. వియ్యపురాళ్ళ వేళాకోళాలు, బావామరదళ్ళ సరసాలు మేము చెప్పగా, పెండ్లికొడుకు చెప్పులు దాచి మరదళ్ళు డబ్బు గుంజే ముచ్చట అతడు చెప్పాడు. చుట్టరికాల పేర్లు మారినాయి గాని పరిహాసం మారలేదు.

మరొకనాడు మేము హైదరాబాదీల "పరసోఁ"ను ఎత్తుకొన్నాము. ఉత్తరాది ఉర్దూలో ఆ మాటకు మొన్న, ఎల్లుండి అన్న అర్థాలు. దక్కనీ వాడుకలో అది పదిరోజుల క్రిందటి సంగతికీ, పదేండ్ల క్రిందటి సంగతికీ చెల్లిపోతుంది. ఇది లోకమంతా నవ్వుకొనే విషయమే. మా మిత్రుడు శాంతంగా విని, "మీ అమ్మమ్మగారు ‘మొన్నామధ్య’ అన్నప్పుడు సరిగ్గా ఏ తారీఖు?" అని అడిగాడు. మేము ఓడిపోయాము. ఢిల్లీవారు విని నవ్వే "బోల్కే" కూడా ఇటువంటిదే. "వస్తానని చెప్పాడు" అనడంలో మనం వాడే ‘అని’ చేసే పనినే దక్కనీలో ‘బోల్కే’ చేస్తుంది. ఇది ద్రావిడ భాషల సహవాసం వల్ల వచ్చినదని భాషావేత్తల అభిప్రాయం. అనగా మనం ఎవరి మాటతీరును చూచి నవ్వుతున్నామో, అందులో సగం మన మాటతీరే!

ఇంతకూ మాకు తేలినదేమిటి? ఎల్లలు దాటే హాస్యం తన్ను చూచి తాను నవ్వుకొనే హాస్యం. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి "బారిష్టర్ పార్వతీశం" మొగల్తూరు నుండి ఇంగ్లండు దాకా నవ్వులపాలైనది తానే. పత్రస్ బుఖారీ (1898–1958) వ్యాసంలో తెల్లవారుజామున లేపమని పొరుగువానిని బతిమాలుకొని, లేపినందుకు విలపించే విద్యార్థి కూడా ఆ కోవలోని వాడే. ఈ ఇద్దరి కథలు మేము ఒకరికొకరం చెప్పుకొన్నప్పుడు, పరీక్షల ముందు మా ఇద్దరి దురవస్థా అదేనని గ్రహించాము.

దక్కనీ హాస్యకవి సులేమాన్ ఖతీబ్ (1922–1978) కవితలలో నవ్వు చాటున పేదింటి కన్నీరు కనిపిస్తుంది. 1962లో "సియాసత్" పత్రికలో హాస్యరచన ప్రారంభించి 2007లో పద్మశ్రీ అందుకొన్న ముజ్తబా హుస్సేన్ (1936–2020) మన హైదరాబాదు రచయిత. ఆయన పేరు మా తెలుగు విభాగంలో ఎందరికి తెలుసును? 1892లో మొదటిసారి ప్రదర్శింపబడిన "కన్యాశుల్కం"లోని గిరీశం ఉర్దూ విభాగంలో ఎందరికి తెలుసును? తరగతి గదుల నడుమ ఉన్నది ఒక గోడ మాత్రమే. కాని హాస్యానికి మాత్రం సముద్రాలు అడ్డుపడినట్లున్నది.

"వేళాకోళాన్ని వేళాకోళంగా తీసుకోవాలి గాని ఇంత రాద్ధాంతమా?" అని కొందరు మిత్రులు అనవచ్చును. అది న్యాయమైన ప్రశ్నయే. పరిహాసానికి అనుమతిపత్రం అడిగే కళాశాలలో చదవాలని మేమూ కోరము. ఉర్దూ విభాగం వారు కూడా మేము రోటీని పుంలింగం చేసి మాట్లాడిన తీరును అనుకరించి నవ్వినవారే, మేము ముఖం చిన్నబుచ్చుకొన్నవారమే. ఈ విషయంలో ఎవరూ ఎవరికీ తీసిపోరు. ఇదే మాట మా మిత్రునితో అనగా అతడు ఇచ్చిన సమాధానం మాకు సమంజసంగా తోచినది: "నవ్వవద్దని ఎవరన్నారు? మమ్మల్ని తెలుసుకొని నవ్వండి. మా నాన్నగారితో పది నిమిషాలు మాట్లాడి ఉంటే, యాస కంటె నవ్వు పుట్టించే సంగతులు మీకు వంద దొరికేవి."

ఒకనాడు వెళ్ళాము. నిజంగానే దొరికినాయి. పండుగ ముందు రోజున బట్టలడిగే వారికి ఆయన చెప్పే సాకులు వింటే ఏ హాస్యరచయిత అయినా కలం క్రింద పెట్టవలసినదే. ఆ సాకులు చెప్పి నవ్వించినది ఆయనే, ముందుగా నవ్వినదీ ఆయనే. "అమ్మ వచ్చాడు" అని ఆయన నోట వినిపించినప్పుడు మాకు నవ్వు రాలేదు. ఆ మాటను మేము గమనించినది కూడా ఇంటికి వచ్చిన తరువాతనే.

కనుక కళాశాల పాలకవర్గం వారికి మా మనవి ఒకటి. వార్షికోత్సవంలో ఒక పూట ఉభయ భాషల హాస్యగోష్ఠికి కేటాయించవలెను. అందులో ఉర్దూ హాస్యాన్ని తెలుగు విద్యార్థి పరిచయం చేయవలెను, తెలుగు హాస్యాన్ని ఉర్దూ విద్యార్థి పరిచయం చేయవలెను. ఎదుటివారి నవ్వును తన నోట వివరించవలసి వచ్చినపుడు, అది ఎక్కడ పుట్టినదో విద్యార్థికి తెలియక తప్పదు. ఖర్చు ఏమీ లేదు. రెండు కుర్చీలు, ఒక మైకు చాలును.

విద్యార్థి మిత్రులకు మరొక మాట. ఈ సంచిక తెలుగు పుటలు ఎడమ నుండి మొదలవుతాయి, ఉర్దూ పుటలు కుడి నుండి మొదలవుతాయి. రెండూ నడుమ ఎక్కడో కలుసుకొంటాయి. మనలో చాలామంది అక్కడి దాకా వెళ్ళక ముందే పుస్తకం మూసివేస్తాము. ఈ ఏడు అటువైపు పుటల మీద ఏమున్నదో ప్రక్కనున్న మిత్రుని అడిగి చదివించుకొందాము. అర్థం కాని చోట అడుగుదాము, అర్థమైన చోట నవ్వుదాము.