కాలేజీకి విరాళం వస్తే మీకేంటి?

మీ కాలేజీలో కొత్త ల్యాబ్ మొదలైందనుకోండి. గోడ మీద శిలాఫలకం, దాని మీద ఊళ్లోని ఓ వ్యాపారి పేరు. రిబ్బన్ కటింగ్, ఫొటోలు, భోజనాలు అన్నీ అయిపోయాయి. మరి ఉద్యోగం కోసం చూస్తున్న మీకు ఒరిగేదేంటి?

విరాళం ఎంత పెద్ద విషయమో 2024లో తెలంగాణ చూసింది. యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీకి అదానీ సంస్థ ప్రకటించిన రూ.100 కోట్లను అక్టోబరులో స్వాగతించిన ప్రభుత్వమే, నవంబరులో ఆ డబ్బు బదిలీ చేయొద్దని లేఖ రాసింది. రాష్ట్రం అనవసర వివాదంలో చిక్కుకోకూడదన్నది కారణం. మరోవైపు అదే వర్సిటీకి సుమారు రూ.200 కోట్లతో భవనాలు కట్టేందుకు హైదరాబాద్ కంపెనీ మేఘా ఇంజినీరింగ్ ఒప్పందం చేసుకుంది. అంటే ఎంత ఇస్తున్నారన్నదే కాదు, ఎవరు ఇస్తున్నారన్నదీ లెక్కలోకి వస్తుంది.

ఎందుకు ఇస్తారు?

కొంత చట్టం వల్ల. నికర విలువ రూ.500 కోట్లు, టర్నోవర్ రూ.1000 కోట్లు, నికర లాభం రూ.5 కోట్లు... వీటిలో ఏ ఒక్కటి దాటినా, ఆ కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. 2014 నుంచి ఇది అమల్లో ఉంది. విద్య, వృత్తి నైపుణ్యాలు ఆ జాబితాలో ఉన్నాయి. తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టం చెబుతోంది.

ఊళ్లోని చిన్న వ్యాపారికి ఈ నిబంధన వర్తించదు. ఆయన సొంత జేబులోంచి ఇస్తాడు. చదువుకున్న కాలేజీ మీద అభిమానం ఉండొచ్చు, పేరు మీద ఆశ ఉండొచ్చు. పనొచ్చిన కుర్రాళ్లు దగ్గర్లోనే దొరకాలన్న అవసరమూ ఉంటుంది. ఇందులో తప్పేం లేదు. మీకు పనికొచ్చేది ఆ అవసరమే.

ఈ మూడూ అడగండి

ఒకటి: దాత తన సంస్థలో అప్రెంటిస్‌షిప్ ఇస్తున్నారా? 30 మంది, అంతకుమించి సిబ్బంది ఉన్న సంస్థలు మొత్తం సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవాల్సిందే. నలుగురి నుంచి 29 మంది ఉన్న చోట అది ఐచ్ఛికం. అంటే చిన్న వర్క్‌షాపు యజమానైనా తలచుకుంటే మీకు పని నేర్పించొచ్చు.

రెండు: సిలబస్ చర్చల్లో ఆయన మనిషి ఉంటున్నారా? అటానమస్ కాలేజీల బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో పరిశ్రమ ప్రతినిధికి చోటుంది. మిషన్ కొనిచ్చి ఊరుకోవడం వేరు, దాని మీద ఏం నేర్పాలో చెప్పడం వేరు.

మూడు: అక్కడ నేర్చుకున్నది వేరే కంపెనీలో చెల్లుతుందా? ఒక్క ఫ్యాక్టరీకే సరిపోయే శిక్షణైతే, రేపు అది మూతపడితే మీరూ రోడ్డున పడతారు. ప్రభుత్వ గుర్తింపున్న సర్టిఫికెట్ ఉందో లేదో ముందే చూసుకోండి.

ఈ ప్రశ్నలు అడగడానికి మొహమాటం అక్కర్లేదు. ఈసారి ప్రారంభోత్సవానికి దాత వచ్చినప్పుడు ఫొటో దిగి వచ్చేయకండి. ‘సార్, మీ దగ్గర అప్రెంటిస్‌గా చేరొచ్చా?’ అని అడిగి చూడండి. పోయేదేం లేదు.