తప్పు చెప్పే తీరు

విండోస్‌ 98 రోజుల్లో కంప్యూటర్‌ కొత్తగా నేర్చుకునేవాళ్లను హడలగొట్టిన వాక్యం ఒకటుంది. ఉత్తరం టైపు చేసుకుంటుంటే ఉన్నట్టుండి తెరమీద చిన్న పెట్టె ప్రత్యక్షమయ్యేది. 'ఈ ప్రోగ్రాము చట్టవిరుద్ధమైన పని చేసింది, మూసేస్తున్నాం' అని దాని సారాంశం. చట్టవిరుద్ధమా! పోలీసులొస్తారా? పాపం, ఇంగ్లిషు బాగా వచ్చినవాళ్లకే ఎక్కువ భయం. అసలు సంగతేమిటంటే ప్రోగ్రాము తనది కాని మెమొరీలో వేలుపెట్టడం లాంటి పొరపాటేదో చేసింది. ఇంజినీర్లు తమలో తాము చెప్పుకునే మాట మామూలు మనిషి ముందుకొచ్చి పడిందన్నమాట.

2001లో వచ్చిన ఎక్స్‌పీలో మర్యాద పెరిగింది. 'సమస్య వచ్చింది, అసౌకర్యానికి చింతిస్తున్నాం' అనేది. మీరు చేస్తున్న పని పోయి ఉండొచ్చనీ చెప్పేది. పోయిందో లేదో మాత్రం తేల్చేది కాదు!

వెబ్‌సైట్లలో దరఖాస్తులది ఇంకో తీరు. ఇంటిపేరు పొడి అక్షరం పక్కన చుక్క పెడితే కొన్ని ఒప్పుకోవు. చుక్క వద్దని చెప్పొచ్చుగా? 'పేరు చెల్లదు' అంటాయి. అరవయ్యేళ్లుగా చెల్లుతున్న పేరు! అన్నిచోట్లా విడమరిచి చెప్పడమూ కుదరదులెండి. 'యూజర్‌నేమ్‌ లేదా పాస్‌వర్డ్‌ తప్పు' అని నాన్చడం కావాలని చేసేదే. ఏది తప్పో చెబితే దొంగకి సగం పని తప్పుతుంది.

కంప్యూటర్లో పోయేది ఉత్తరమే. ఏటీఎం దగ్గర అలా కాదు. రూ.5,000 అడిగితే నోట్లు రావు, తెరమీద 'లావాదేవీ విఫలం' అని వస్తుంది, ఫోనుకేమో డబ్బు తగ్గిందని సందేశం. కంగారులో మళ్లీ నొక్కితే మరో అయిదువేలు ఇరుక్కోవచ్చు. అక్కడ కావాల్సిన మాటలు రెండే: డబ్బు ఏమైంది, ఎప్పటికి తిరిగొస్తుంది. రెండోదానికి జవాబు 2019లో రిజర్వు బ్యాంకే ఇచ్చింది. ఏటీఎంలో నోట్లు రాకుండా ఖాతాలో తగ్గిన సొమ్మును లావాదేవీ జరిగిన రోజు పోను అయిదు రోజుల్లోగా బ్యాంకు తిరిగి జమచేయాలి. దాటితే ఖాతాదారు అడగకపోయినా రోజుకు రూ.100 పరిహారం. యూపీఐలో ఒకరికి పంపిన డబ్బు వాళ్లకు చేరకపోతే గడువు మర్నాటిదాకానే. ఈ ముక్క తెరమీద రాయడానికి చోటు చాలక కాదు, డబ్బు పోగొట్టుకున్న మనిషి వైపు నిలబడి ఆలోచించక!

అందాకా, స్లిప్పు వస్తే పారేయకుండా దాచుకోవాలి. రాకపోతే ఏ ఏటీఎమ్మో, తేదీ, సమయం రాసుకోవాలి. ఫోనుకొచ్చిన సందేశాన్ని చెరిపేయకూడదు.